వేలు పడితే లైన్ క్లియర్

9, శుక్రవారం

పిచ్చుకన్నని చంపింది కరెంటు కాదు, మా సెక్షన్ ఇంజనీరు. వాడికి చెయ్యి అందించింది ఆ షిఫ్టులో ఉన్న సబ్ స్టేషన్ ఆపరేటరు. రేపు ఎవరైనా నా చేత ఇంకోలా చెప్పించబోతే ఈ పేజీ తీసి చదువుకోవాలి. అందుకే రాసి పెడుతున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ మా పని కాలువ గట్టు స్తంభం మీద లైను తీగల్ని కలిపే జంపర్ ముక్క ఊడితే, దాన్ని కట్టడం. అదే లైను రెండో చివర ఇంకో గ్యాంగు కొమ్మలు కొడుతోంది. స్తంభం ఎక్కేముందు తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించి నేలకు కలపాలి. అప్పుడు ఎవడైనా పొరపాటున లైను వేసినా పైనున్న మనిషి బతుకుతాడు. మా సెక్షన్ మొత్తానికి రాడ్లు ఒకే జత. అవి కొమ్మల గ్యాంగు దగ్గరున్నాయి. ఇంకో జత కావాలని అడిగి అడిగి పిచ్చుకన్న నోరు నొప్పెట్టింది గానీ ఇంజనీరు చెవి నొప్పెట్టలేదు.

నేను కింద ఉన్నాను. నా ఫోను తీసి సెక్షన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను: ‘కాలువ గట్టు. లైన్ క్లియర్ కావాలి.’ సబ్ స్టేషన్‌లో ఆపరేటరు స్విచ్ తీసేసి, ఆ మెసేజీ మీద బొటనవేలు బొమ్మ పెట్టాలి. వేలు పడితే లైనులో కరెంటు లేనట్టు. ఇప్పుడు అదే మా రూలు.

“వేలు పడిందేంట్రా, కరపత్రం?” అన్నాడు పిచ్చుకన్న. సంచీ నిండా కరపత్రాలు వేసుకు తిరుగుతానని నాకు ఆయన పెట్టిన పేరు అది. ఆయనకు పిచ్చుక అని పెట్టింది సెక్షన్ మొత్తం. స్తంభం మీద అంత తేలిగ్గా వాలతాడని.

“పడిందన్నా.”

“సరిగ్గా చూశావా? వేలు చూపిస్తే చెయ్యి మింగే ఆఫీసు మనది.”

నవ్వుతూ తన ఫోను నా చేతికిచ్చి ఎక్కాడు. నేనూ నవ్వాను.

సగం కట్టాడు. పైనుంచి “ఒరేయ్” అన్నాడు. తాడు వదలమనబోయాడో, పట్టకారు అడగబోయాడో. ‘ఒరేయ్’ వరకే. ఆ తర్వాత వచ్చిన చప్పుడు నేను రాయను. ఆయన అరవలేదు, అరిచింది నేను. బెల్టు ఉంది కాబట్టి కింద పడలేదు. దించేదాకా అక్కడే ఉన్నాడు, వాలినట్టే.

కొమ్మల గ్యాంగు మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. వాళ్ల పని అయిపోయిందని ఇంజనీరుకి ఫోన్ చేస్తే, “అబ్బ, బతికించావయ్యా, ఇక లైను వేయించేస్తా” అన్నాడట. డివిజన్ ఆఫీసులో పెద్ద సారు వచ్చి కూర్చున్నాడు. ఆయనకు తెర మీద బొమ్మలు చూపించాలి, కరెంటు లేదు. ఆ బొమ్మలు దేని గురించంటే, ‘కాగితం లేని కార్యాలయం’. మా సెక్షన్‌ది అందులో మొదటి స్థానం.

కానీ కాలువ గట్టు మీద మనుషులున్నారని ఆపరేటరుకి తెలుసు. వేలు పెట్టిన చెయ్యి అదే. ఆ చెయ్యే స్విచ్ వేసింది.

ఆపరేటరుని వదలను. ఇంజనీరుని వదలను.

అక్క సాయంత్రం డ్యూటీ దిగి వచ్చింది. స్నానం చేసి అటు తిరిగి పడుకుంది. తలనొప్పట.

10, శనివారం

పోస్ట్‌మార్టం అయ్యాక పిచ్చుకన్నని తెచ్చారు. సాయంత్రానికి పంపించేశాం. ఇంకేమీ రాయలేను.

11, ఆదివారం

పొద్దుటి నుంచీ మంచం మీదే ఉన్నాను. అక్క రెండుసార్లు తినమంది. ఆవిడ కూడా తినలేదు. తిన్నానని అబద్ధం చెప్పింది. గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

లైన్ క్లియర్ అంటే ఏంటో నాకు నేర్పింది పిచ్చుకన్నే. నేను చేరిన కొత్తలో స్తంభం కింద కూర్చోబెట్టి చెప్పాడు. సబ్ స్టేషన్‌లో ఒక పుస్తకం ఉండేది. గ్యాంగు మేస్త్రీ అక్కడి టెలిఫోనుకి చేస్తాడు. ఆపరేటరు స్విచ్ తీసి, దానికి ఎర్ర బిళ్ల తగిలించి, ఒక నంబరు చెప్తాడు. ఇద్దరూ రాసుకుంటారు. పని అయ్యాక అదే మేస్త్రీ అదే నంబరు తిరిగి అప్పజెప్పాలి. రెండు గ్యాంగులు ఎక్కితే రెండు నంబర్లు, రెండు బిళ్లలు. రెండూ తిరిగి రాకుండా స్విచ్ మీద చెయ్యి వేసే హక్కు దేవుడికి కూడా లేదు. “ఆ నంబరు మన ప్రాణంరా. అప్పిచ్చి తిరిగి తీసుకుంటాం,” అనేవాడు.

తర్వాత సబ్ స్టేషన్ టెలిఫోను చచ్చింది. బాగుచేయమంటే, ఇంజనీరు అందరినీ కూర్చోబెట్టి నవ్వాడు. “ఏమయ్యా, ఈ రోజుల్లో జేబులో ఫోను లేనివాడు ఎవడు? సొంత ఫోనుండగా సర్కారు ఫోను ఎందుకు?” గ్రూపు పెట్టాడు. పుస్తకం అటక ఎక్కింది. హాజరుకి ఒక యాప్ ఎక్కించాడు, రోజూ పొద్దున మన ముఖం మనమే ఫోటో తీసి పంపాలి. మా ఫోను, మా చార్జింగు, మా డేటా, వాళ్ల పెత్తనం. నేను లేచి అడిగాను, “ఫోను పగిలితే బాగుచేయిస్తారా సార్?” అని. “నువ్వు గట్టిగా పట్టుకో,” అన్నాడు. అందరూ నవ్వారు. పిచ్చుకన్న కూడా నవ్వాడు, బయటికొచ్చాక మాత్రం “మంచి ప్రశ్నే అడిగావురా, మంచి మనిషిని అడగలేదు అంతే” అన్నాడు.

శ్రామికుడి పనిముట్టు యజమానిది, శ్రమ మాత్రమే శ్రామికుడిది అని నా కరపత్రాల్లో ఉంది. ఇక్కడ పనిముట్టు కూడా మాదే. దీనికి ఏ కరపత్రంలోనూ పేరు దొరకలేదు.

అక్క అటు తిరిగి పడుకుంది. మూడు రోజులుగా తలనొప్పి.

12, సోమవారం

ఇంజనీరు పిలిపించాడు. గదిలో చల్లటి గాలి, గోడ మీద మొదటి బహుమతి కొత్త ఫ్రేములో. నన్ను కూర్చోమనలేదు.

“చూడు బాబూ, బాధలో ఉన్నావు. అర్థం చేసుకోగలను. కానీ ఆ రోజు క్లియర్ తీసుకోకుండా ఎలా ఎక్కనిచ్చావు ఆయన్ని?”

నా చెవులు నేనే నమ్మలేదు. “క్లియర్ తీసుకున్నాం సార్. వేలు పడింది.”

“ఏదీ, చూపించు.”

ఫోను తీశాను. గ్రూపులో పైకి వెళ్లాను. నా మెసేజీ ఉంది. ‘కాలువ గట్టు. లైన్ క్లియర్ కావాలి.’ దాని కింద ఏమీ లేదు.

మెసేజీ తీసేస్తే, తీసేసినట్టు గుర్తైనా మిగులుతుంది. వేలు తీసేస్తే ఏమీ మిగలదు. మచ్చ కూడా ఉండదు. ఇప్పుడు నా మెసేజీయే మా మీద సాక్ష్యం. అడిగారు, జవాబు రాలేదు, అయినా ఎక్కారు.

“తీసేశారు,” అన్నాను.

“ఎవరు?”

ఫోను జేబులో పెట్టేశాను.

“ఎవరు తీసేశారయ్యా? చెప్పు మరి. ఊరికే నిందలు వేస్తే ఎలా?” నవ్వాడు. వాడి నవ్వులో ఏదో తెలిసినతనం ఉంది. “అయినా సొంత ఫోన్లలో మెసేజీలు ఆఫీసు రికార్డు కిందికి రావు. రూల్సు చదువుకో, కరపత్రాలతో పాటు.”

బల్ల మీద గాజు గ్లాసు ఉంది. తీసి గోడకి కొట్టాను. బహుమతికి తగల్లేదు. పక్కనెక్కడో తగిలింది. ఇద్దరు వచ్చి నన్ను బయటికి లాక్కెళ్లారు. నాకు కోపం వస్తే కళ్లు కనపడవు అని అక్క అంటుంది. గురి కూడా ఉండదని ఇవాళ తెలిసింది.

కొమ్మల గ్యాంగు మేస్త్రీని అడిగాను. ఆయన గ్రూపులో ఉన్నాడు, ఆ రోజు ఫోను చేతిలోనే ఉంది. “నేను చూసుకోలేదు తమ్ముడూ,” అన్నాడు, నా ముఖం చూడకుండా. ఆ గ్రూపులో ఎందరున్నారో అందరినీ అడిగాను. ఒక్కడూ చూసుకోలేదట.

13, మంగళవారం

అక్క బాగానే ఉంది. డ్యూటీకి వెళ్లింది.

14, బుధవారం

వదిన దగ్గరికి వెళ్లాను. పిచ్చుకన్న భార్య. ఆయన ఉన్నప్పుడు ఆ ఇంట్లో నన్ను గడప దగ్గరే “వచ్చాడమ్మా నాయకుడు, పీట వెయ్యండి” అని ఎగతాళి చేసేది. ఇవాళ తలుపు తీసి లోపలికి పోయింది, అంతే.

గోడకి ఆనించిన అలమారులో ఆయన ఫోను చార్జింగు పెట్టి ఉంది. నేను కూర్చోగానే మోగింది. ఆ యాప్ గొంతు, తీయగా ఉంటుంది, చంపాలనిపించేంత తీయగా. “శుభోదయం. మీ హాజరు ఇంకా నమోదు కాలేదు. దయచేసి మీ ముఖం స్పష్టంగా కనిపించేలా ఫోటో తీయండి.”

వదిన కదల్లేదు. “రోజూ ఇంతే. నాలుగైదు సార్లు అడుగుతుంది. నిన్న గైర్హాజరు వేశానని చెప్పింది.”

“ఆపేస్తాను వదినా, ఇలా ఇవ్వండి.”

“ముట్టుకోకు.” గొంతు లేపలేదు గానీ నా చెయ్యి ఆగిపోయింది. “ఆయన ఏడీ అని అడుగుతున్నది ఆ ఒక్కటే. ఆఫీసోళ్లు ఒక్కరూ గడప తొక్కలేదు. అది మాత్రం రోజూ పిలుస్తోంది.”

పోరాటం గురించి ఏదో మొదలుపెట్టాను. నాకే రోత పుట్టి ఆపేశాను.

“మనిషిని ఎలాగూ తేలేరు,” అంది. “తాగి ఎక్కాడని ఒకడంటున్నాడు. అడక్కుండా ఎక్కాడని కాగితం రాశారట. అబ్బాయ్, ఆయన ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, ఆపానని నాకు చెప్పి, నేను విన్నానని నా చేత అనిపించుకుని మరీ ఎక్కేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఆయన అడిగే ఎక్కాడు అని ఆఫీసు నోట ఒక్క మాట రావాలి. నాకు ఇంకేమీ వద్దు. పాప రేపు పెద్దయ్యాక మా నాన్న ఎలా పోయాడంటే, నిర్లక్ష్యంతో అని చదువుకోకూడదు.”

“వస్తుంది వదినా. ఆ మాట నేను తెప్పిస్తాను.”

“ఎవరు చెప్తారు? వేలు పెట్టినవాళ్లేగా చెప్పాలి?”

అవును. వేలు పెట్టినవాళ్లే చెప్పాలి.

“ఆ రోజు షిఫ్టులో ఎవరున్నారో నీకు తెలుసా?” అని అడిగింది.

తెలుసుకుంటానని చెప్పి వచ్చేశాను.

15, గురువారం

రాసేస్తాను.

ఆ రోజు షిఫ్టులో ఉన్నది అక్క. ఆపరేటరు అంటే మా అక్క. నేను చేరకముందు నుంచీ ఆ సబ్ స్టేషన్‌లో ఉంది. నన్ను ఈ పనిలో పెట్టించిందీ ఆవిడే. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. వేలు పడినప్పుడు వేలు పక్కన అక్క పేరే కనపడింది. అందుకే మరోసారి చూడలేదు, అక్క పెట్టింది కదా అని. ఈ పుస్తకంలో మాత్రం ఆపరేటరుని ఒక మనిషిని చేశాను, అక్కని ఇంకో మనిషిని చేశాను. ఒకళ్లని తిట్టి, ఇంకొకళ్ల చేత అన్నం పెట్టించుకున్నాను.

ఇంకోటి కూడా రాయలేదు. ఆ రోజు అన్నని దించుతుండగా నా జేబులో ఫోను మోగుతూనే ఉంది. తర్వాత చూస్తే అన్నీ అక్కవే. తిరిగి చేయలేదు.

ఇవాళ సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

“వేలు ఎందుకు తీశావు?”

మడతపెడుతూనే ఉంది. “ఏ వేలు?”

“అక్కా!”

“అరవకు. పక్కింటివాళ్లు వింటారు.”

“విననీ! ఊరంతా విననీ! రక్తం తాగే వ్యవస్థకి...”

“కరపత్రం మొదలెట్టకు.” చొక్కా మంచం మీద పడేసింది. “అడుగు. మామూలుగా అడుగు. మా తమ్ముడిలా అడుగు.”

అడిగాను. ఎలా అడిగానో గుర్తు లేదు. కానీ చెప్పింది.

ఇంజనీరు ఆవిడ సొంత ఫోనుకి చేశాడు. “లైను వెయ్యమ్మా, పెద్ద సారు చీకట్లో కూర్చున్నారు.” అక్క చెప్పింది, “కాలువ గట్టు వాళ్లు ఇంకా తిరిగి చెప్పలేదు సార్, మా తమ్ముడు అక్కడే ఉన్నాడు” అని. “నాతో మాట్లాడారమ్మా, దిగిపోయారు, నేను చెప్తున్నాగా,” అన్నాడు. వాడితో మాట్లాడింది కొమ్మల గ్యాంగు. వాడికి గ్యాంగు గ్యాంగుకీ తేడా తెలియదు, తెలుసుకునేంత తీరిక లేదు. పుస్తకం ఉంటే రెండో నంబరు రాలేదు కనుక అక్క వేసేది కాదు. బిళ్ల వేలాడుతూ ఉండేది. గ్రూపులో ఉన్నవి వరసగా నాలుగు వేళ్లు, ఆ పైన ఎవరో పెట్టిన పువ్వుల బొమ్మ, పుట్టినరోజు శుభాకాంక్షలు.

“నువ్వు నాకు ఫోన్ చేసి ఉండొచ్చుగా?”

“చేయొచ్చు. చేయలేదు. ఆయన పెద్దాయన, చెప్తున్నాడు కదా అనుకున్నాను.” మంచం అంచున కూర్చుంది. “వేశాను. వెంటనే స్విచ్ దానంతటదే పడిపోయింది. లైనుకి ఏదైనా తగిలితేనే అలా పడుతుంది, అది నాకు తెలుసు. నీకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఒరేయ్, నిన్ను చంపేశాననే అనుకున్నాను. ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను. అప్పుడు మేస్త్రీ చేశాడు. పోయింది పిచ్చుక అన్నాడు.”

ఆవిడ పడేసిన చొక్కా తీసి మడత పెట్టాను.

“నేనేమనుకున్నానో తెలుసా? అమ్మయ్య అనుకున్నాను.” ముఖం మీద చెయ్యి పెట్టుకుంది. “ఆ మాట నా నోట్లోంచి పైకే వచ్చింది. ఆ అమ్మయ్య నన్ను తినేస్తోందిరా. వేలు తీయమని ఇంజనీరు తర్వాత చెప్పాడు, నీకూ మంచిది, కాంట్రాక్టులో ఉన్న మీ తమ్ముడికీ మంచిదమ్మా అని. తీసేశాను. అదంత కష్టం అనిపించలేదు. ఒక్కసారి ఒత్తి పట్టుకుంటే పోతుంది.”

బయటికి వెళ్లిపోయాను. వీధులన్నీ తిరిగాను. ప్రతి స్తంభం మీదా ఎవరో ఉన్నట్టే అనిపించింది.

16, శుక్రవారం

నాకు కోపం లేదు.

అక్క వంట చేసింది. ఉప్పు మర్చిపోయింది. ఇద్దరం తిన్నాం. ఎవరూ అనలేదు.

నాకు కోపం లేదు.

17, శనివారం

ఆఫీసు గోడ మీద నోటీసు అంటించారు. సోమవారం పది గంటలకు విచారణ. కాలువ గట్టు గ్యాంగు, సబ్ స్టేషన్ సిబ్బంది, అందరూ తమ ఫోన్లు తెచ్చి అప్పగించాలి, ‘వాటిలో కార్యాలయ సమాచారం ఉన్నందున’. మొన్నే కదా సొంత ఫోన్లలో మెసేజీలు ఆఫీసు రికార్డు కాదన్నాడు! పనికొచ్చేటప్పుడు మా ఫోను, భయమేస్తే వాళ్ల ఫోను. పిచ్చుకన్న ఫోను కూడా తెమ్మన్నారు. వదిన ఇస్తే అది మళ్లీ ఆయన్ని పిలవదు.

సంఘం సెక్రటరీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన గదిలో మేం చదివే కరపత్రాలన్నీ కట్టలు కట్టి ఉంటాయి. వాటి మీదే టీ గ్లాసు పెడతాడు.

“తొందరపడకు తమ్ముడూ. విచారణ కానీ. లోపల చెప్పాల్సింది చెప్దాం.”

“లోపల చెప్పింది లోపలే తుడిచేస్తారు. వేలు తుడిచినట్టు.”

“ఆధారం ఉండాలి కదయ్యా. ఆధారం లేని ఆవేశం, చమురు లేని దీపం.”

“అది మీ పోయినేటి కరపత్రంలోది.”

“మంచి మాట ఎన్నిసార్లైనా చెప్పొచ్చు,” అన్నాడు. అయినా చివరికి ఆయన నా వైపు కాసేపు చూసి, “షిఫ్టులో మీ అక్కే కదూ?” అన్నాడు. “అయితే నిన్ను నేనేమీ అడగను. ఇంటికెళ్లు.”

అందరికీ తెలుసు. మొదటి నుంచీ. గ్రూపులో ఎవరూ చూసుకోకపోవడం భయం వల్లే అనుకున్నాను. సగం మంది నా ముఖం చూసి ఊరుకున్నారు.

ఇంటికొచ్చి కరపత్రం రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం వచ్చింది. ‘పిచ్చుకన్నని చంపింది కరెంటు కాదు, ఇంజనీరు.’ రెండో వాక్యం ఒక్క మాట దగ్గరే ఆగింది, కొట్టేశాను. ఇంజనీరు పేరు ఎంత పెద్దగా రాసినా వాడిని పట్టుకోవడానికి అక్క నోరు తప్ప నా దగ్గర ఇంకో తాడు లేదు. ఆ తాడు వేస్తే ముందు బిగిసేది అక్క మెడకే.

ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు. అక్క ఉద్యోగం మీద ఈ ఇల్లు నిలబడింది. కరపత్రాల్లో ఇలాంటి చోట ‘త్యాగం’ అని ఉంటుంది. ఎవరి త్యాగమో ఉండదు.

చింపేశాను.

18, ఆదివారం

పొద్దున లేచేసరికి అక్క నేను చింపిన ముక్కలు చాప మీద పేర్చి చదువుతోంది.

“ఇక్కడ ఆపేశావేం?”

“ఊరికే.”

“‘ఆపరేటరు’ అని మొదలెట్టి కొట్టేశావు. రాసుకో, మా అక్క అని రాసుకో. ఆపరేటరంటే ఎవరో అనుకుంటారు.”

“నువ్వు ఊరుకో అక్కా. వేరే దారి చూద్దాం. లాయరుని అడుగుదాం.”

నేనే అన్నాను ఆ మాట. ఆపరేటరుని వదలను అని రాసిన చేత్తోనే. ఆవిడ నన్ను చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టు చూసింది. “నీ తిట్లన్నీ నా కోసం ఆగిపోయాయిరా. పిచ్చుకన్న భార్య దగ్గరికి తీసుకెళ్లు.”

వెళ్లాం. దారంతా అక్క చెప్పులు చప్పుడు చేస్తున్నాయి. వదిన తలుపు తీసింది. అక్కని గుర్తుపట్టింది. వాళ్లిద్దరూ ఎప్పుడో ఆఫీసు ఫోటోలో పక్కపక్కనే నిలబడ్డారు.

అక్క గడప దాటలేదు. నిలబడే చెప్పింది. ఫోను, పెద్ద సారు, స్విచ్, వేలు, ఆ వేలు తీసేయడం. ఒక్కటీ దాచలేదు. అమ్మయ్య అనుకున్నది కూడా. అది చెప్పొద్దని నేను చెయ్యి పట్టుకున్నాను, విడిపించుకుని మరీ చెప్పింది.

మధ్యలో లోపల ఫోను మోగింది. “శుభోదయం. మీ హాజరు ఇంకా నమోదు కాలేదు.” ఆదివారం కూడా. అక్క అలాగే నిలబడిపోయింది, అది పూర్తిగా అడిగి ఆగేదాకా.

వదిన ఏడవలేదు. చెయ్యెత్తుతుందేమో అనుకున్నాను, ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

“ఇదంతా అక్కడ చెప్తావా?” అంది.

“చెప్తాను.”

“ఇంజనీరు ఎదురుగా?”

“ఎదురుగానే.”

“ఆయన అడిగే ఎక్కాడని?”

“అడిగే ఎక్కాడు. నేను ఎక్కమన్నాను.”

వదిన తల ఊపింది. “అయితే వస్తాను. విన్నాక పోతాను.” తలుపు మీద చెయ్యి వేసింది. “నువ్వు మాత్రం ఇంక ఈ గడపకి రాకమ్మా. నేను మంచిదాన్ని కాదు.”

తలుపు వేసుకుంది. క్షమించలేదు. క్షమించాలని ఎక్కడా రాసి లేదు. ఏ కరపత్రంలోనూ లేదు, నేను వెతకలేదు కూడా.

తిరిగి వస్తూ అక్క అంది, “గదిలో పదింటికి చెప్తే ఏం రాసుకుంటారో వాళ్లిష్టం. తొమ్మిదింటికే గేటు దగ్గర చెప్తాను. మనుషుల్ని పోగెయ్యి. ఎన్ని చెవులుంటే అన్ని. చెవుల్లోంచి తీసేయడానికి ఏ బొత్తామూ లేదుగా.”

“గ్రూపులో పెట్టనా?” అన్నాను అలవాటుగా.

ఆవిడ నవ్వింది. పది రోజుల తర్వాత. మంచి నవ్వు కాదు. “పెట్టు, ఇంజనీరు కూడా వేలు పెడతాడు.”

కాళ్ల మీదే తిరిగాను. సెక్షన్‌లో ప్రతి ఇంటికీ. తలుపు కొట్టి, ముఖం చూసి చెప్పాను. కొమ్మల గ్యాంగు మేస్త్రీ ముందు తలుపు సగమే తీశాడు. నేను ఏమీ అనకముందే, “మీ అక్క చెప్తానందా?” అన్నాడు. అవునన్నాను. తలుపు పూర్తిగా తీశాడు. “అయితే నేనూ చూశాను తమ్ముడూ. వేలు చూశాను. వస్తా.” కొందరు రారు. ఒకడు నా ముఖం మీదే తలుపు వేశాడు. సెక్రటరీ “చూద్దాం” అన్నాడు, కానీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

అక్క చిన్న సంచీ సర్దింది. రెండు జతల బట్టలు, దువ్వెన, తలనొప్పి మాత్రలు. “ఎందుకవి?” అంటే, నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో, గ్యాసుకి ఎవరికి చెప్పాలో, పక్కింట్లో తాళం ఎక్కడుందో చెప్పింది. నేను విన్నానని నా చేత అనిపించుకుంది. పిచ్చుకన్న బల్బు మార్చేముందు అడిగినట్టు.

తన ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టింది. నాది కూడా అడిగి తీసుకుంది.

ఇప్పుడు కరపత్రం రాశాను. సంచీలో ఉన్నవాటి కంటే చిన్నది. కార్బన్ పెట్టి రాసుకుంటూ పోతున్నాను, తెల్లారేసరికి ఎన్నయితే అన్ని. అక్క పక్కన కూర్చుని కొన్ని తన చేత్తో రాస్తోంది. నా మొదటి వాక్యాన్ని ఆవిడే తన మాటల్లోకి సరిచేసింది. చివరి మాట నాది.

‘పిచ్చుకన్నని చంపింది ఇంజనీరు మాట, నేను వేసిన స్విచ్. ఆయన అడిగే ఎక్కాడు. ఎక్కమన్నది నేను. ఆ రోజు షిఫ్టు ఆపరేటరుని.

ఈ మాట మీ ముందు నా నోటితో చెప్తాను. వినడానికి రండి.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు, డివిజన్ ఆఫీసు గేటు దగ్గర.

ఫోన్లు ఇళ్లలో వదిలేసి రండి. మనుషులు రండి.’